ఎన్ని పాయింట్లు? ఉద్దానం కిడ్నీ రోగికి తెలిసినవీ, చీటీలోనే ఉండిపోయేవీ

శ్రీకాకుళంలో కిడ్నీ డాక్టరు గది బయట బల్ల మీద కాసేపు కూర్చుంటే చాలు, ఒక మాట చెవిన పడుతుంది.

"ఎన్ని పాయింట్లమ్మా నీకు?"

"మూడున్నర."

"ఐదు దాటనేదా అయితే!"

అడిగిన మనిషి ఊరట చెబుతోందో, జాలి పడుతోందో గొంతును బట్టి పోల్చుకోలేం. పాయింట్లంటే రక్తంలో ఉన్న క్రియాటినిన్ అనే వ్యర్థం, డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని. బడి ముఖం చూడనివాళ్ళు కూడా ఇక్కడ ఆ అంకెను దశాంశంతో సహా చెబుతారు. డిగ్రీలు చదివి, ఏటా ఫుల్ బాడీ చెకప్ చేయించుకునే నా స్నేహితుల్లో తన క్రియాటినిన్ ఎంతో చూడకుండా చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు.

అలాగని ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళకు తమ జబ్బు గురించి అర్థమైందా అంటే, చాలామందికి కాలేదు. అంకె తెలుసు, అది ఏం చెబుతోందో తెలియదు. ఆరోగ్య అక్షరాస్యత అని ఈమధ్య తరచుగా వినబడుతున్న మాట సరిగ్గా ఈ సందు గురించే. మా మేనత్తను తీసుకుని ఏడాదిన్నరగా ఓపీల చుట్టూ తిరుగుతున్నాను కాబట్టి ఉదాహరణలు కొన్ని ఆమె దగ్గర నుంచే తీసుకుంటాను. పలాసలో జీడిపిక్కలు కొట్టి, ఒలిచి పాతికేళ్ళు గడిపిన మనిషి. వయసు 58. చదువు రెండో తరగతి.

## ఐదు అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది

ఉద్దానం అన్న పేరు ఉద్యానం నుంచి వచ్చిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సముద్రం పక్కనే కొబ్బరి, జీడి, పనస తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నేలకూల్చినా ఆ పచ్చదనం మళ్ళీ లేస్తోంది. ఆ తోటల్లోనే దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు పాతుకుపోయి ఉంది. 2019లో వెలువడిన ఒక అధ్యయనం రెండు వేలమందికి పైగా పరీక్షించి, సుమారు 18 శాతం మందిలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు లక్షణాలున్నాయని చెప్పింది. అంటే ఐదుగురిలో దాదాపు ఒకరు. వారిలో ఎక్కువమందికి షుగరూ లేదు, బీపీ కూడా మొదట లేదు. అందుకే దీన్ని కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా ఇలాంటిదే ఉంది. ఎండలో చెమటోడ్చే పని, నీళ్ళలో ఉండే సిలికా, పురుగుమందులు, భారలోహాలు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ అనుమానితుల జాబితా పెద్దదే. ఏదో ఒకదాని మీద నేరం ఇంకా రుజువు కాలేదు.

ప్రభుత్వాలు కొంత చేశాయి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో పాటు 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి 2023 డిసెంబరు 14న మొదలైంది. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల ద్వారా తాగునీళ్ళు ఇచ్చే పథకం కూడా అప్పుడే వచ్చింది. అంతకుముందే పింఛన్లున్నాయి. డయాలసిస్ మీద ఉన్నవారికి నెలకు 10,000 రూపాయలు. డయాలసిస్ దాకా రాకపోయినా క్రియాటినిన్ 5 దాటినవారికీ, కిడ్నీల వడపోతను అంచనా వేసే ఈజీఎఫ్ఆర్ అంకె 15 కంటే కిందికి పడినవారికీ, కిడ్నీలు చిన్నవై ముడుచుకుపోయినవారికీ పింఛను నిబంధనల్లో విడివిడిగా వర్గాలు పెట్టారు.

ఈ మూడు వర్గాల్లో ఊళ్ళలో నోటికి ఎక్కింది మొదటిదే. ఐదు అనే అంకెను జనానికి నేర్పింది డాక్టరు కాదు, గ్రామ సచివాలయంలో పింఛను దరఖాస్తు. అవసరమున్న చోట మనుషులు ఎంత కష్టమైన సంగతినైనా నేర్చుకుంటారనడానికి నాకు ఇంతకంటే మంచి రుజువు కనబడలేదు. కాకపోతే నేర్చుకున్నది పింఛను లెక్క, జబ్బు లెక్క కాదు.

## అక్షరాస్యత, ఆరోగ్య అక్షరాస్యత ఒకటి కావు

2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 62 శాతానికి దగ్గర, విజయనగరానిది 59 శాతానికి దగ్గర. ఉమ్మడి రాష్ట్రంలో బాగా వెనకబడిన జిల్లాల్లో విజయనగరం ఒకటి. ఈ అంకెలు చూసి "చదువు లేకపోతే ఆరోగ్యం గురించి ఏం తెలుస్తుంది" అనేయడం తేలిక. అలా అనేవాళ్ళు చాలామందే ఉన్నారు.

హెల్త్ లిటరసీ అన్న మాట 1974లో అమెరికాలో, బడుల్లో ఆరోగ్య విద్య గురించి జరిగిన చర్చలో పుట్టింది. 2000లో ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న ప్రజారోగ్య నిపుణుడు డాన్ నట్‌బీమ్ దాన్ని మూడు మెట్లుగా విడదీశాడు. ఇప్పటికీ చాలామంది ఆ మెట్లే వాడుతున్నారు. మొదటిది చదివి పని నడుపుకోవడం: మాత్రల అట్ట మీద తేదీ, చీటీ మీద ఏ రోజు రమ్మన్నారన్నది. రెండోది అడిగి తెలుసుకోవడం: డాక్టరు చెప్పింది తన పరిస్థితికి ఎలా వర్తిస్తుందో ప్రశ్నించి, అన్వయించుకోవడం. మూడోది బేరీజు వేయడం: ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు, నమ్మవచ్చా అని తూచుకోవడం, ఊరికీ నీటికీ పనికీ జబ్బుకీ ఉన్న సంబంధం గురించి నిలదీయడం.

మా మేనత్త మొదటి మెట్టు దగ్గర తడబడుతుంది. మందుల చీటీ చదవలేదు. కానీ ఒకసారి గ్రామీణ వైద్యుడు నడుంనొప్పికి ఇంజక్షన్ చేయబోతే, "కిడ్నీ డాక్టరు నొప్పుల మందు వద్దన్నాడు, ఇది నొప్పుల మందేనా?" అని అడిగింది. ఆయన కొంచెం నసిగి సిరంజి పక్కన పెట్టాడు. అది రెండో మెట్టు, మూడో మెట్టులో ఒక కాలు కూడా. అదే ఓపీలో ఒక రిటైరైన ఉద్యోగి కలిశారు. ఇంగ్లీషు రిపోర్టు గడగడా చదువుతారు. డైక్లోఫెనాక్ మాత్ర రోజూ వేసుకుంటున్నానని డాక్టరుకు మూడేళ్ళుగా చెప్పలేదు, ఎందుకంటే అది "మామూలు నొప్పి బిళ్ళ", మందుల లెక్కలోకి రాదని. ఈ ఇద్దరిలో ఎవరు అక్షరాస్యులు?

## ఒకే 1.2, ఇద్దరు మనుషులు

క్రియాటినిన్ కండరాల్లో తయారయ్యే వ్యర్థం. కిడ్నీలు దాన్ని బయటికి పంపుతుంటాయి. అవి మందగిస్తే రక్తంలో అది పేరుకుంటుంది. ఇంతవరకు ఓపీ బల్ల మీద అందరికీ తెలుసు. తెలియనిదేమిటంటే, ఎంత కండ ఉంటే అంత క్రియాటినిన్ తయారవుతుంది. కాబట్టి ఒకే అంకెకు ఒక్కొక్కరిలో ఒక్కో అర్థం.

అందుకే డాక్టర్లు క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా అన్నది కూడా కలిపి ఈజీఎఫ్ఆర్ అనే మరో అంకె కడతారు. కిడ్నీలు నిమిషానికి సుమారు ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయో చెప్పే అంచనా అది. 90 దాటితే మొదటి దశ, 60 నుంచి 89 రెండోది, 30 నుంచి 59 మూడోది, 15 నుంచి 29 నాలుగోది, 15 కంటే తక్కువైతే ఐదోది. మొదటి రెండు దశల్లో అంకె ఒక్కటే చూసి జబ్బు అనరు, వేరే లోపం ఏదైనా కనబడాలి. పైగా ఆ తేడా మూడు నెలలకు పైగా నిలిచి ఉంటేనే దీర్ఘకాలికం అంటారు. ఒక్క రిపోర్టు చూసి గుండెలు బాదుకోవడం, ఒక్క రిపోర్టు చూసి సంబరపడటం రెండూ తొందరపాటే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఈజీఎఫ్ఆర్ కట్టడానికి 2021లో వచ్చిన సీకేడీ ఎపి అనే సూత్రం ప్రకారం, క్రియాటినిన్ 1.2 ఉన్న 25 ఏళ్ళ కుర్రాడి ఈజీఎఫ్ఆర్ సుమారు 86. అదే 1.2 ఉన్న 60 ఏళ్ళ ఆడమనిషిది సుమారు 52. ఆమె మూడో దశలో ఉంది. చాలా ల్యాబుల రిపోర్టుల్లో మామూలు హద్దు పైఅంచు ఇంచుమించు అక్కడే ఉంటుంది. కనుక ఆమె కాగితం మీద "నార్మల్" అని కనబడవచ్చు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. పాయింట్లు సమానంగా ఉండవు. 50 ఏళ్ళ మగమనిషిని తీసుకోండి. క్రియాటినిన్ 1 ఉన్నప్పుడు ఈజీఎఫ్ఆర్ సుమారు 92. అది 2కు చేరేసరికి 40. ఒక్క పాయింటుకు సగానికి పైగా పోయింది. 5 ఉన్నప్పుడు 13, 6 ఉన్నప్పుడు 11. ఇక్కడ ఒక్క పాయింటు పెరిగితే పోయింది రెండో మూడో. జనం భయపడేది 5 నుంచి 6కు పోయినప్పుడు. అసలు నష్టం జరిగిపోయింది 1 నుంచి 2కు పోయినప్పుడు, ఎవరూ పట్టించుకోని రోజుల్లో.

మా మేనత్త క్రియాటినిన్ 2.4 అని తెలిసిన రోజు ఇంట్లో వాతావరణం నాకు గుర్తుంది. "ఐదులో సగం కూడా కానేదు కదా" అని ఆవిడే మాకు ధైర్యం చెప్పింది. 58 ఏళ్ళ ఆడమనిషికి 2.4 అంటే ఈజీఎఫ్ఆర్ 23, నాలుగో దశ. ఆ సంగతి ఆవిడకు చెప్పాలంటే ముందు పింఛను నేర్పిన లెక్కను చెరిపేయాలి. కొత్త పాఠం చెప్పడం కంటే పాతది మరిపించడం కష్టమని ఆ రోజు తెలిసింది.

ఈ సూత్రానికీ పరిమితులున్నాయి. దాన్ని కట్టింది మన కూలీల శరీరాలు చూసి కాదు. కండ తక్కువున్న బక్కపల్చటి మనిషికి క్రియాటినిన్ తక్కువగా తయారవుతుంది. సూత్రం అది చూసి కిడ్నీలు ఉన్నదానికంటే బాగున్నాయని చెప్పే అవకాశం ఉంది. ఇంకొకటి: ఉద్దానంలో కనిపించే రకం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్ళకు నీరు పట్టడం ఆలస్యంగా వస్తుంది. "ఒంట్లో బాగానే ఉంది, యూరిన్ కూడా నార్మలే" అని ఒక మనిషి చెబితే అది అబద్ధం కాదు.

## చీటీ మీద రాసింది, ఇంటికి చేరింది

మాత్రల చీటీలో 1-0-1 అని ఉంటుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని దాని అర్థం. మా మేనత్త పక్కింటావిడ దాన్ని ఇవాళ ఒకటి, రేపు వద్దు, ఎల్లుండి ఒకటి అని అర్థం చేసుకుంది. తప్పు పట్టడానికేముంది? ఆ మూడు అంకెల్లో పొద్దున అని ఎక్కడుంది? కొందరు డాక్టర్లు ఇంకా ఓడీ, బీడీ, టీడీఎస్ అని రాస్తారు. లాటిన్ నుంచి వచ్చిన పొట్టిపేర్లవి. బీడీ అంటే రోజుకు రెండుసార్లని మెడికల్ షాపు కుర్రాడికి తెలుసు. రోగికి బీడీ అంటే ఒకటే తెలుసు, దాన్ని డాక్టరు ముందే మానమన్నాడు.

తెలుగులో చెబితే సరిపోతుందనుకోవడమూ భ్రమే. గోడ మీద అంటించిన పోస్టరులో "దీర్ఘకాలిక మూత్రపిండ వైఫల్యం" అని ఉంటుంది. ఊళ్ళో ఎవరూ అలా అనరు. కిడ్నీ పాడైంది, కిడ్నీ ఫెయిలైంది అంటారు. డయాలసిస్‌ను రక్తం కడగడం అంటారు. "క్రానిక్" అంటే చాలామందికి ముదిరిపోయిందని వినబడుతుంది. నిజానికి అది ఎన్నాళ్ళుగా ఉందో చెప్పే మాటే గాని ఎంత ముదిరిందో చెప్పేది కాదు. రిపోర్టు "నెగటివ్" వచ్చిందంటే ఏదో చెడ్డ వార్త అనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళను చూశాను. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. మందస కొండల మీద సవర మాట్లాడేవాళ్ళున్నారు. వాళ్ళకు ఈ పోస్టరు తెలుగు రెండోసారి పరాయిది.

అన్నిటికంటే ఎక్కువ జారిపోయే సలహా ఉప్పు గురించి. "ఉప్పు తగ్గించండి" అన్న రెండు ముక్కలు అందరికీ అర్థమవుతాయి. మేనత్త ఇంటికి రాగానే కూరలో ఉప్పు సగం చేసింది, నిజాయితీగానే. కూర చప్పబడింది కాబట్టి అన్నంలోకి ఆవకాయ బద్ద ఒకటి ఎక్కువ పడింది. మధ్యాహ్నం ఎండుచేప వేపుడు. పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే అన్నిట్లో కలిపి ఇంచుమించు ఒక టీ చెంచా. ఎండుచేప అంటేనే ఉప్పులో నాని ఎండినది. ఆవిడ దృష్టిలో అది చేప, ఉప్పు కాదు. డాక్టరు ఉప్పు అన్నాడు గాని ఎండుచేప అనలేదు. తీర ప్రాంతంలో వైద్యం చేస్తూ ఆ మాట అనకపోతే సలహా సగమే ఇచ్చినట్టని నా అభిప్రాయం.

దీనికి తోడు ఎవరో చదువుకున్న బంధువు లో సోడియం ఉప్పు కొనిపెడతాడు, బీపీకి మంచిదని. అందులో సోడియం తగ్గించి ఆ మేరకు పొటాషియం కలుపుతారు. కిడ్నీలు బాగున్న మనిషికి అది మేలే. కిడ్నీలు మూడొంతులు పోయినవాడికి ఆ పొటాషియమే ప్రమాదం.

## కొబ్బరినీళ్ళు ఒకరికి మందు, ఒకరికి ముప్పు

ఇక్కడ విషయం నిజంగా చిక్కుపడుతుంది. ఎందుకంటే రోగులకు పరస్పర విరుద్ధంగా వినబడే సలహాలు రెండూ సరైనవే కావచ్చు.

ఎండలో పనిచేసేవాళ్ళు నీళ్ళు బాగా తాగాలని ఆరోగ్య సిబ్బంది ఊరూరా చెబుతారు. ఒంట్లో నీరు ఆరిపోయి, కిడ్నీలు పదేపదే దెబ్బతినడం ఈ జబ్బుకు ఒక కారణం కావచ్చన్న వాదన బలంగా ఉంది కాబట్టి ఆ సలహాలో అర్థముంది. అదే ఊళ్ళో డయాలసిస్ మీద ఉన్న మనిషికి నీళ్ళు తగ్గించమంటారు. మూత్రం సరిగా రాదు కాబట్టి తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోయి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ముందురోజు వచ్చిన మూత్రం కొలతకు ఇంకో అర లీటరు కలుపుకోవచ్చన్నది వాడుకలో ఉన్న మోటు లెక్క. 300 మిల్లీలీటర్లు వచ్చిందనుకుంటే మొత్తం 800, అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసుతో నాలుగు. ఆ నాలుగులోనే టీ, మజ్జిగ, చారు, చోడి అంబలి అన్నీ. "నీళ్ళు" అనగానే మనకు మంచినీళ్ళే గుర్తొస్తాయి. అంబలి మన లెక్కలో తిండి.

కొబ్బరినీళ్ళ సంగతీ అంతే. కొబ్బరితోటల మధ్య పుట్టిన మనిషికి నీరసమొస్తే ఎవరైనా ముందు కొట్టి ఇచ్చేది బోండామే. అది తరతరాల అనుభవం, తప్పుడు నమ్మకం కాదు. కానీ కొబ్బరినీళ్ళలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, కాయ ముదురునుబట్టి అటూ ఇటూ. 300 మిల్లీలీటర్ల బోండాం అంటే సుమారు 750. రక్తంలో పొటాషియం పెరుగుతున్న రోగికి రోజంతటికీ 2,000 మిల్లీగ్రాములు దాటవద్దని అన్నారనుకుంటే, మూడో వంతుకు పైగా ఒక్క బోండాంతోనే అయిపోయింది. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. ముందస్తు హెచ్చరిక కూడా పెద్దగా ఉండదు. మొదటి దశల్లో, పొటాషియం మామూలుగా ఉన్నవారికి ఇదే బోండాంతో ఏ పేచీ లేదు.

అంటే "కిడ్నీ రోగులు ఏం తినాలి" అన్న ప్రశ్నకే జవాబు లేదు. ఏ దశ, పొటాషియం ఎంత, మూత్రం ఎంత వస్తోంది, డయాలసిస్ మొదలైందా లేదా అన్నవి తెలిస్తే గాని జవాబు రాదు. యూట్యూబు వీడియోలు మాత్రం ఒకే జవాబుతో వస్తాయి. ఊళ్ళో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు రోగులున్నప్పుడు ఒకరి చీటీలోని పథ్యం అందరి పథ్యమైపోతుంది.

## తప్పెవరిదన్న వాదన

రోగులకు అవగాహన లేదు, వాళ్ళను చైతన్యపరచాలి అన్నది పాత దృష్టి. ఇందులో నిజం లేకపోలేదు. బీపీ మామూలుకు వచ్చిందని మాత్ర ఆపేసేవాళ్ళు ఎంతోమంది. బీపీ మామూలుగా ఉన్నది ఆ మాత్ర వల్లేనని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

దీనికి ఎదురుగా, లోపం రోగిలో కాదు ఆస్పత్రిలో ఉందనే దృష్టి 2000 తర్వాత బలపడింది. చీటీ, రిపోర్టు, బోర్డు, క్యూ, కౌంటరు అన్నీ ఆస్పత్రి తన సౌకర్యానికి తయారుచేసుకున్నవి. వాటిని అర్థం చేసుకోలేకపోవడం రోగి చేతకానితనం ఎలా అవుతుందని వాళ్ళ ప్రశ్న. జాతీయ మానవహక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. తన జబ్బు గురించి తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు వాటిలో మొదటిది. మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన మార్చింది. చీటీలు తీసి చూసుకుంటే అది ఎంత అమలైందో ఎవరికి వారికే తెలుస్తుంది.

డాక్టర్ల మాట కూడా వినాలి. 67 దేశాల లెక్కలు పోగుచేసి 2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక రోగితో గడిపే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22 నిమిషాలకు పైన అని తేలింది. మన ఓపీలు ఆ రెంటిలో దేనికి దగ్గరో చెప్పనక్కర్లేదు. గది బయట వందమంది ఉంటే పొటాషియం పాఠం ఎవరు చెబుతారు? నాకు తెలిసిన ఒక డాక్టరు, "నేను మందు రాయడానికే టైము లేదు, ఎండుచేప గురించి ఎప్పుడు మాట్లాడను?" అన్నారు. ఆ మాట సమర్థింపులా కాదు, అలసటలా వినిపించింది.

ఇంకో వాదన వీటన్నిటినీ పక్కకు తోస్తుంది: తెలియక కాదు, లేక. ఎండలో పని మానమంటే కూలి ఎవరిస్తారు? ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రావాలంటే వంద కిలోమీటర్లు దాటి ప్రయాణం, తోడు వచ్చినవారి రోజు కూలి కూడా పోతుంది. ఇది చాలావరకు నిజమే. కాని డబ్బు పరిష్కరించలేనివీ ఉన్నాయి. డయాలసిస్ ఉచితంగా జరుగుతున్న మనిషి, ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలను కలపడం) చేసిన చేతికే బీపీ పట్టీ చుట్టనిచ్చాడు, ఆ చేతి మీదే బరువు మోశాడు. ఆ చెయ్యి ఎందుకు కాపాడుకోవాలో ఎవరూ చెప్పలేదు, చెప్పినా అతనికి అందలేదు. అక్కడ అడ్డుపడింది పేదరికం కాదు.

ఇక డయాలసిస్ అంటే భయం. "రక్తం కడగడం మొదలెడితే మనిషి దక్కడు" అన్నది ఉద్దానంలో బలమైన నమ్మకం. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు సరిగా అనిపించదు. ఊళ్ళో చూసినదాన్ని బట్టి చేసిన లెక్క అది. చాలామంది చివరి నిమిషం దాకా ఆగి, ఊపిరాడని స్థితిలో డయాలసిస్‌కు వెళ్ళారు. కొద్ది నెలల్లో పోయారు. చూసినవాళ్ళు రెంటినీ కలిపి చూశారు. ఆ భయంతో తరవాతివాళ్ళు ఇంకా ఆలస్యం చేశారు. ఆధారం నుంచి నిర్ణయానికి రావడమనే పని వాళ్ళు చేశారు, ఆధారంలో సగమే కళ్ళముందు ఉంది. కారణం తెలియని జబ్బు అన్న పేరుతోనూ ఇదే గొడవ. డాక్టరు "కారణం తెలియదు" అంటే ఈయనకు తెలియదేమో, విశాఖ వెళ్దాం అనుకుంటారు. ఖాళీగా ఉన్న ఆ చోట ఏదో ఒక కారణం వచ్చి కూర్చుంటుంది. నీళ్ళే కారణమని నమ్మినవాళ్ళు క్యాన్ నీళ్ళు కొనుక్కుని, ఇక తమకేం కాదనే ధైర్యంతో పరీక్షలు మానేస్తారు.

## కొలవబోతే వచ్చే చిక్కు

ఆరోగ్య అక్షరాస్యతను కొలిచే పరీక్షలు పరదేశంలో చాలా ఉన్నాయి. ఒకదానిలో 66 వైద్యపదాలు పైకి చదివిస్తారు. సరిగా పలికితే అర్థం తెలిసే ఉంటుందని ఊహ. ఇంగ్లీషులో అది కొంతవరకు నడుస్తుంది, తెలియని మాటను సరిగా పలకడం అక్కడ కష్టం. తెలుగులో అక్షరాలు వచ్చిన పదేళ్ళ పిల్ల "మూత్రపిండ వైఫల్యం" అని తడుముకోకుండా చదివేస్తుంది. మన లిపి పలికినట్టు రాసేది కాబట్టి ఆ పరీక్ష ఇక్కడికి తెస్తే చదువు తెలుస్తుంది, అర్థం తెలియదు. 2005లో వచ్చిన మరో పరీక్ష ఐస్‌క్రీం డబ్బా మీది లేబుల్ చూపించి ఆరు ప్రశ్నలు అడుగుతుంది. లేబుల్ లేని ఎండుచేపల బుట్ట ముందు అది పనికొస్తుందా అన్నది అనుమానమే.

## మళ్ళీ చెప్పించుకోవడం

వైద్యంలో ఒక చిన్న పద్ధతి ఉంది. "అర్థమైందా?" అని అడగరు. అలా అడిగితే అందరూ తలాడిస్తారు, డాక్టరు ముందు అర్థం కాలేదని ఎవరంటారు? దాని బదులు విన్నది సొంత మాటల్లో తిరిగి చెప్పమంటారు. తప్పు వస్తే అది చెప్పినవారి తప్పుగా తీసుకుని ఇంకోలా చెబుతారు. చెప్పిన సంగతుల్లో 40 నుంచి 80 శాతం రోగులు వెంటనే మరిచిపోతారని పరిశోధనలు చెప్పే మాట. అలాంటప్పుడు ఈ రెండు నిమిషాలు వృథా కాదన్నది దీన్ని సమర్థించేవాళ్ళ వాదన. ఆ రెండు నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలన్నది మిగతావాళ్ళ ప్రశ్న.

పోయిన నెల మేము వెళ్ళినప్పుడు ఆ పని ఒక నర్సు చేసింది. రిపోర్టులో పొటాషియం కొంచెం ఎక్కువ వచ్చింది. డాక్టరు గది నుంచి బయటికి రాగానే మేనత్తను బల్ల మీద కూర్చోబెట్టి అడిగింది. "ఇంటికెళ్ళాక కోడలు అడుగుతాది కదమ్మా, డాక్టరుగారు ఏటన్నారని. ఏం చెప్తావు?"

మేనత్త వేళ్ళు మడిచింది. "ఎండుచేప మానీమన్నారు. నొప్పుల బిళ్ళ వద్దన్నారు. పచ్చడి ముట్టుకోవద్దన్నారు. కూరముక్కలు ఉడకేసి నీళ్ళు వంచీమన్నారు. కొబ్బరినీళ్ళు తాగొచ్చన్నారు."

"కొబ్బరినీళ్ళు తాగమన్నామా?"

"పోయినసారి మా సెల్లికి మీరే సెప్పినారు కదా తల్లీ."

నర్సు చీటీ వెనక్కి తీసుకుంది. పొటాషియం అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కనే బోండాం బొమ్మ ఒకటి గీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టింది.